ఒకే చేత్తో కట్టిన రెండు బడులు

పంతొమ్మిదో శతాబ్దపు ఫిలడెల్ఫియాలో జోసెఫ్ వార్టన్ పేరుమోసిన వ్యాపారి. నది అవతల కామ్డెన్‌లో నికెల్ కర్మాగారం నడిపాడు. బెత్లెహెమ్ ఉక్కు కంపెనీలో పెద్ద వాటా కొన్నాడు. అమెరికా ప్రభుత్వం 1866లో ఐదు సెంట్ల నాణేన్ని నికెల్ కలిపి పోయించడం వెనక ఆయన ఒత్తిడి కూడా ఉంది. 1881లో లక్ష డాలర్లిచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఒక బడి పెట్టించాడు. విశ్వవిద్యాలయంలో వ్యాపారాన్ని ఒక చదువుగా చెప్పిన తొలి బడి అదే. వార్టన్ స్కూల్ అంటే ఇప్పుడు మన ఊళ్లలో ఇంటర్ చదివే పిల్లలు కూడా గుర్తుపడతారు. అంతగా ఎవరూ చెప్పుకోని సంగతి మరొకటుంది. 1864లో అనుమతి పొంది 1869లో తలుపులు తెరిచిన స్వార్త్‌మోర్ కళాశాల వ్యవస్థాపకుల్లోనూ ఆయన ఒకడు. క్వేకర్ మత బోధకురాలైన ఆయన తల్లి డెబొరా కూడా ఆ జాబితాలో ఉంది. స్వార్త్‌మోర్ లిబరల్ ఆర్ట్స్ కళాశాల. అంటే సాహిత్యం, తత్వశాస్త్రం, గణితం, చరిత్ర, భౌతికశాస్త్రం లాంటివి వృత్తితో ముడిపెట్టకుండా నాలుగేళ్లు చదివించే చిన్న కళాశాల. బిజినెస్‌లో డిగ్రీ అది ఈనాటికీ ఇవ్వదు.

సంపాదన నేర్పే విద్యా, ఎలా బతకాలో ఆలోచింపజేసే విద్యా ఒకే కప్పు కింద ఉండాలా? వార్టన్ వాటిని సుమారు పదిహేను కిలోమీటర్ల ఎడంలో పెట్టాడు. అంతమాత్రాన అవి రెండూ పొసగవని ఆయన అనుకున్నట్టు కాదు. వ్యాపార బడికి రాసిచ్చిన ప్రణాళికలో, తోటివారికి ఏదో ఒక సేవ చేసి సంపాదించాలే తప్ప ఎదుటివాడి సొమ్ము గెలుచుకుని ధనవంతుడు కావాలనుకోవడం అనైతికమని విద్యార్థులకు నేర్పాలన్నాడు. విదేశీ సరుకు మీద దిగుమతి సుంకాలు ఎందుకు ఉండాలో నేర్పాలని కూడా అందులోనే రాశాడు. ఆ సుంకాలు ఆయన సొంత వ్యాపారానికి మేలు చేసేవే. ధర్మబోధా, దాత ప్రయోజనమూ ఒకే పత్రంలో పక్కపక్కనే ఉన్నాయి. లిబరల్ ఆర్ట్స్ కళాశాలల్లో బిజినెస్, లీడర్‌షిప్ కోర్సుల మీద ఇప్పుడు నడుస్తున్న వాదమంతా ఆ పత్రంలోనే మొదలైందనాలి.

క్వేకర్లకు వ్యాపారం మతానికి బయటి సంగతి కాదు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ బోధనతో పుట్టిన ఈ క్రైస్తవ శాఖవారు ప్రమాణం చేయడానికి ఒప్పుకునేవారు కారు. కోర్టులో ప్రమాణం చేసి నిజం చెబుతానంటే, మిగతా వేళల్లో అబద్ధం చెప్పొచ్చని ఒప్పుకున్నట్టే కదా అన్నది వాళ్ల తర్కం. మత పరీక్షల కారణంగా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వాళ్లకు మూసుకుపోయాయి, ప్రభుత్వ ఉద్యోగాలూ దక్కలేదు. మిగిలింది వ్యాపారం. ప్రమాణం విషయంలో పట్టిన పట్టే అంగట్లోనూ పట్టారు. ఎక్కువ ధర చెప్పి, బేరమాడితే తగ్గించడమంటే మొదట అబద్ధమాడినట్టే. అందుకని పసివాడు వచ్చినా పెద్దమనిషి వచ్చినా ఒకటే ధర చెప్పారు. జనం నమ్మారు. బార్క్లేస్, లాయిడ్స్ బ్యాంకుల మూలాలు ఆ కుటుంబాల్లోనే ఉన్నాయి. నిజం చెప్పడమనే వ్రతం లాభంగా మారింది. లాభం పెరిగాక ఆ వ్రతం ఏమవుతుందన్నది తర్వాతి తరాలకు మిగిలిన ప్రశ్న.

వార్టన్ బడికి ఆ ప్రశ్న 1915లో ఎదురైంది. అక్కడ అర్థశాస్త్రం చెప్పే స్కాట్ నీరింగ్ గనుల్లో, మిల్లుల్లో పిల్లల చేత పని చేయించడాన్ని బహిరంగంగా ఎండగట్టేవాడు. స్వార్త్‌మోర్‌లో కూడా కొన్నాళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ఆ ఏడాది జూన్‌లో విశ్వవిద్యాలయ ట్రస్టీలు కారణం చెప్పకుండా ఆయన ఉద్యోగాన్ని పొడిగించడం మానేశారు. దేశమంతా గొడవ జరిగింది. ఎదుటివాడి కష్టాన్ని దోచుకోవడం తప్పని నేర్పాలని రాసిపెట్టుకున్న బడి, ఆ మాటను తన ఊరి మిల్లులకు అన్వయించి చెప్పినవాణ్ని నిలుపుకోలేకపోయింది.

గోడకు అవతల ఉన్న వ్యాపార విద్య కాలక్రమంలో లిబరల్ ఆర్ట్స్ కళాశాలల లోపలికీ వచ్చింది. రాక తప్పలేదు. అమెరికాలో ఇప్పుడు డిగ్రీ పట్టా అందుకునే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరిది బిజినెస్ పట్టానే. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్ మెకెన్నా కళాశాల 1946లో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో మొదలైంది. వాణిజ్యంతో నాగరికత వర్ధిల్లుతుందన్న అర్థమిచ్చే లాటిన్ వాక్యాన్ని ధ్యేయంగా పెట్టుకుంది. అర్థశాస్త్రం, రాజ్యపాలన అక్కడి ప్రధాన విషయాలు. 2007లో పూర్వ విద్యార్థి రాబర్ట్ డే ఫైనాన్స్, లీడర్‌షిప్ చదువుల కోసం 20 కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఒక లిబరల్ ఆర్ట్స్ కళాశాలకు అంత పెద్ద విరాళం అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. సంతోషించాల్సిన వేళ, సాహిత్య శాఖ అధ్యాపకులు అధ్యక్షురాలికి ఉత్తరం రాశారు. ఈ డబ్బుతో కళాశాల ఒకే వృత్తి నేర్పే బడిగా మారిపోతుందేమోనని అందులో భయపడ్డారు. వాళ్లను వెనకటి కాలపు మనుషులని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఏ పాఠానికి విలువ ఉందో డబ్బు తేల్చేస్తే, విలువ అంటే ఏమిటని అడిగే పాఠానికి చోటెక్కడ మిగులుతుందన్నదే వాళ్ల బెంగ.

ఈ బెంగ కొత్తది కాదు. ప్లేటో రాసిన ‘ప్రొటాగరస్’ సంభాషణలో హిప్పోక్రటీస్ అనే కుర్రాడు తెల్లవారకముందే సోక్రటీస్ ఇంటి తలుపు దబదబా బాదుతాడు. డబ్బు తీసుకుని పాఠాలు చెప్పే ప్రొటాగరస్ ఊళ్లోకి వచ్చాడట, ఎంత ఖర్చయినా సరే ఆయన దగ్గర చేరాలట. వెలుతురు వచ్చేదాకా ఇద్దరూ ముంగిట్లో తిరుగుతారు. ఆయన దగ్గర చదివి నువ్వు ఏమవుతావని సోక్రటీస్ అడిగితే కుర్రాడు సిగ్గుపడిపోతాడు. తర్వాత ప్రొటాగరస్‌నే అడుగుతారు. ఇంటి వ్యవహారాలు చక్కబెట్టడం, నగర వ్యవహారాల్లో మాటతోనూ చేతతోనూ ముందుండడం తాను నేర్పుతానని ఆయన చెబుతాడు. నేటి కళాశాల బ్రోషర్‌లో బిజినెస్, లీడర్‌షిప్ అని ఉండేవి దాదాపుగా అవే.

సోక్రటీస్ సందేహం సూటిగా ఉంటుంది. ఓడ కట్టాలంటే ఏథెన్స్ సభ ఓడలు కట్టేవాణ్ని పిలుస్తుంది. నగరాన్ని నడిపే సంగతి వస్తే మాత్రం వడ్రంగి, చెప్పులు కుట్టేవాడు, ధనవంతుడు, పేదవాడు ఎవరైనా లేచి మాట్లాడతారు, ఎక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగరు. ఏథెన్స్‌ను నడిపిన పెరిక్లీస్ అంతటివాడు తన కొడుకులకు అన్నీ నేర్పించగలిగాడు గానీ తన వివేకం మాత్రం ఇవ్వలేకపోయాడు. మరి అది నేర్పితే వచ్చేదేనా? ప్రొటాగరస్ జవాబు కూడా గట్టిదే. పిల్లవాడికి మాతృభాష ఎవరు నేర్పారని అడిగితే ఏం చెబుతాం? అందరూ నేర్పారు. మంచిచెడ్డలూ అంతే, దాది దగ్గర్నుంచి న్యాయస్థానం దాకా అందరూ నేర్పుతూనే ఉంటారు, తాను వాళ్లకంటే కాస్త మెరుగ్గా నేర్పుతాడంతే. ఫీజు ఎక్కువనిపిస్తే విద్యార్థి గుడికి వెళ్లి, ఈ చదువు ఎంత విలువ చేస్తుందో ప్రమాణం చేసి అంతే కట్టవచ్చునని కూడా అంటాడు. ఇవాళ అమెరికాలోని ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు చాలావాటిలో ఏడాది ట్యూషన్ ఫీజే 60,000 డాలర్లు దాటింది. ఆ వెసులుబాటు ఎవరూ ఇవ్వరు.

ఇక వయసు సంగతి. రాజకీయ, నైతిక శాస్త్రం వినడానికి చిన్నవాడు తగడని అరిస్టాటిల్ తేల్చేశాడు. జీవితానుభవం లేనివాడికి ఆ మాటలు దేని గురించో తెలియదని ఆయన ఉద్దేశం. ప్లేటో ‘రిపబ్లిక్’లో అయితే పాలకులు కాబోయేవాళ్లు ఎన్నో ఏళ్లు గణితం, ఆపైన తర్కం చదివి, పదిహేనేళ్లు కింది పదవుల్లో పనిచేసి, యాభయ్యో ఏట గానీ పగ్గాలు పట్టకూడదు. పంతొమ్మిదేళ్ల వయసులో లీడర్‌షిప్‌లో డిగ్రీ అంటే ఆ ఇద్దరూ ఒప్పుకునేవారు కారు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ కృష్ణదేవరాయలు గుర్తుకు రాకపోడు. ‘ఆముక్తమాల్యద’ గోదాదేవి కథ, వైష్ణవ భక్తి కావ్యం. దాని నడుమ నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెబుతాడు. రేవులు బాగు చేయించు, దూర దేశాల నుంచి గుర్రాలు, ఏనుగులు, మణులు తెచ్చే వర్తకులకు ఆదరణ చూపు, ఆ సరుకు శత్రువు చేతికి పోకుండా చూసుకో అని వ్యాపార నీతి కూడా అందులోనే ఉంది. ఆ పాఠం చెబుతున్నవాడు సింహాసనం వదిలి వెళ్లిపోతున్నాడు. అధికారం ఎలా నడపాలో, దాన్ని ఎందుకు వదలాలో ఒకే నోట, ఒకే పూట కొడుక్కి అందుతున్నాయి. పదహారో శతాబ్దపు విజయనగర చక్రవర్తికి రాజనీతి, వాణిజ్యం, మోక్షం ఒకే కావ్యంలో ఇమడ్చడం ఇబ్బంది అనిపించలేదు. విషయాలను విభాగాలుగా కోసి ఒక్కోదానికి ఒక్కో గది ఇవ్వడం మన కాలపు అలవాటు.

ఆ గోడలను ఒకే ఒక్క క్లాసు దాటించిన సందర్భం అమెరికాలోనే ఉంది. మిన్నెసోటాలోని కార్ల్‌టన్ అనే లిబరల్ ఆర్ట్స్ కళాశాలలో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1926లో డిగ్రీ ముగించాడు. చదివింది గణితం. చివరి రోజుల్లో ఒక ముసలి ప్రొఫెసర్ సమాజశాస్త్ర క్లాసులో, ఈ దేశాన్ని ఇప్పుడు పెద్దపెద్ద సంస్థలు నడుపుతున్నాయనీ, అవి మనుషులకు సరిగా సేవ చేయడం లేదనీ, బయట నిలబడి విమర్శించేవారితో అవి మారవనీ, మీలో ఎవరైనా లోపలికి వెళ్లి అక్కడే ఉండి మార్చాలనీ అన్నాడట. గ్రీన్‌లీఫ్ ఆ మాట పట్టుకుని టెలిఫోన్ దిగ్గజం ఏటీ అండ్ టీలో చేరాడు. స్తంభాలు పాతే, తీగలు లాగే ముఠాతో మొదలుపెట్టి 1964 దాకా అక్కడే పనిచేశాడు. మధ్యలో క్వేకర్ అయ్యాడు. 1970లో, నాయకుడంటే మొదట సేవకుడని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు. హెర్మన్ హెస్ నవలలో యాత్రికుల మూటలు మోసే లియో అనే నౌకరు వెళ్లిపోగానే యాత్ర చెదిరిపోవడం, ఆ నౌకరే యాత్ర నడిపిన సంఘానికి అధిపతి అని చివర్లో తెలియడం ఆయనకు ఆధారం. ‘సర్వెంట్ లీడర్‌షిప్’ అని నేటి మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో కనిపించేది అదే. ఆ పదాన్ని కార్పొరేట్ శిక్షణ తరగతులు ఎంత అరగదీసినా, దాని పుట్టుకలో ఒక సమాజశాస్త్ర పాఠం, ఒక నవల, ఒక మతం, ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగం ఉన్నాయి. ఏ ఒక్కటి తీసేసినా ఆ ఆలోచన పుట్టేది కాదు.

నాయకత్వాన్ని ఒక చదువుగా నిలబెట్టిన పుస్తకం కూడా అలాంటి కళాశాల నుంచే వచ్చింది. విలియమ్స్ కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ 1978లో ‘లీడర్‌షిప్’ ప్రచురించాడు. ఇచ్చిపుచ్చుకునే బేరంతో మనుషుల్ని నడిపించడం ఒకటి, నడిపేవారినీ నడిచేవారినీ నైతికంగా పై మెట్టుకు చేర్చడం ఇంకొకటి అని విడదీశాడు. ఆయన దృష్టిలో హిట్లర్ నాయకుడు కాడు, అధికారం చెలాయించినవాడు మాత్రమే. వర్జీనియాలోని రిచ్మండ్ విశ్వవిద్యాలయంలో, రాబర్ట్ జెప్సన్ ఇచ్చిన 2 కోట్ల డాలర్లతో 1992లో నాయకత్వ అధ్యయనానికే ప్రత్యేకంగా ఒక డిగ్రీ బడి మొదలైంది. అలాంటిది అదే మొదటిది. అక్కడి తొలి అధ్యాపకుల్లో ఒకరైన తత్వశాస్త్రవేత్త జోఆన్ సియుల్లా ఈ హిట్లర్ సమస్యను వదలలేదు. లక్షల మందిని వెంట నడిపించుకున్నవాణ్ని నాయకుడు కాదంటే, మనం నాయకత్వాన్ని వర్ణిస్తున్నామా, మెచ్చుకుంటున్నామా? సమర్థుడా అన్నది ఒక ప్రశ్న, ధర్మపరుడా అన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిస్తేనే మంచి నాయకత్వమని, నీతి నాయకత్వానికి పైపూత కాదు, గుండెకాయ అని ఆమె వాదించింది. ఇంతకంటే అవసరమైన పాఠం ఏ డిగ్రీ విద్యార్థికీ ఉండదు. అతడు రేపు నాయకుడవుతాడో లేదో తెలియదు. ఎవరో ఒకరి వెంట నడవడం మాత్రం ఖాయం, ఎవరి వెంట నడవకూడదో అతనికి తెలిసి తీరాలి.

నీతిని వేరే సబ్జెక్టుగా, వేరే అవార్డుగా పెడితే ఏమవుతుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 2008 సెప్టెంబర్‌లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న సత్యం కంప్యూటర్స్, 2009 జనవరి 7న తన లెక్కలు బూటకమని చైర్మన్ ఉత్తరం ద్వారానే లోకానికి చెప్పుకుంది. ఆ మోసం సాగిన కాలంలో బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఉన్నాడు, హైదరాబాద్‌లోని పేరున్న బిజినెస్ స్కూల్ డీన్ ఉన్నాడు. చదువు, పదవి, అవార్డు అన్నీ ఉన్నాయి. బ్యాంకులో ఉందని రాసిన డబ్బు బ్యాంకులో ఉందా అన్న ప్రశ్న మాత్రం ఏళ్ల తరబడి బయటికి రాలేదు.

అందుకే ఈ రెండు చదువులూ పక్కపక్క గదుల్లో ఉంటే చాలదు, ఒకే పాఠంలో కలవాలి. 2011లో కార్నెగీ ఫౌండేషన్ తరఫున ఆన్ కోల్బీ, థామస్ ఎర్లిక్, విలియం సలివన్, జొనాథన్ డోల్ రాసిన పుస్తకం కూడా డిగ్రీ బిజినెస్ చదువు గురించి ఇంచుమించు ఇదే చెప్పింది. అలా కలిస్తే ఎలా ఉంటుందో చూడటానికి మాల్డెన్ మిల్స్ కంటే మంచి కేసు దొరకదు. మసాచుసెట్స్‌లో లారెన్స్ పట్టణం దగ్గర ఆరన్ ఫ్యూయర్‌స్టైన్ నడిపిన బట్టల మిల్లు అది. చలికోట్లకు వాడే పోలార్‌టెక్ బట్ట అక్కడిదే. 1995 డిసెంబర్ 11 రాత్రి, ఆయన డెబ్భయ్యో పుట్టినరోజు నాడు, మిల్లు కాలిపోయింది. 30 మందికి పైగా గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. బీమా డబ్బు తీసుకుని తప్పుకోవచ్చు, లేదా చవక కూలి దొరికే చోటికి తరలిపోవచ్చు. ఆయన ఒక హైస్కూలు జిమ్‌లో కార్మికులను సమావేశపరిచి, ఇక్కడే మళ్లీ కడతాననీ, నెల రోజులు పూర్తి జీతాలిస్తాననీ చెప్పాడు. తర్వాత మరో నెల ఇచ్చాడు, ఇంకో నెల ఇచ్చాడు. యెషీవా కళాశాలలో యూదుల పవిత్ర గ్రంథమైన తోరా, లౌకిక శాస్త్రాలు కలిపి చదివిన సనాతన యూదుడాయన. పేద కూలివాణ్ని పీడించకూడదన్న శాసనాన్ని హీబ్రూలోనే చెప్పేవాడు. దేశం ఆయన్ని సాధువుగా కొలిచింది. 2001 నవంబర్‌లో కంపెనీ దివాలా కోర్టుకెక్కింది, తర్వాత పగ్గాలు అప్పులవాళ్ల చేతికి పోయాయి.

నీతి పాఠం మాత్రమే విన్న విద్యార్థి ఇక్కడ కన్నీళ్లు పెట్టుకుంటాడు. లాభం పాఠం మాత్రమే విన్నవాడు మంచితనం మనిషిని ముంచుతుందని తేల్చేస్తాడు. ఇద్దరూ బ్యాలెన్స్ షీటు తెరవలేదు. తెరిస్తే కనిపించేది వేరు. ఖాళీగా ఉన్న కార్మికులకు ఇచ్చిన జీతాలు సుమారు 2.5 కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి. మిల్లు తిరిగి కట్టడానికి చేసిన అప్పు దానికి ఎన్నో రెట్లు. బీమా సొమ్ము ఆ ఖర్చుకు చాలలేదు. సోఫాల గుడ్డ నేసే విభాగాన్నీ తిరిగి నిలబెట్టాలని చూశాడు, ఈలోగా ఆ గుడ్డ కొనేవాళ్లు వేరే చోట చూసుకున్నారు, కొన్నేళ్లకే దాన్ని మూసేశారు. పోలార్‌టెక్‌కు చవక నకళ్లు వచ్చాయి. అంటే మిల్లును ముంచింది జీతాలిచ్చిన దయ కాదు, ప్రధానంగా కట్టడం మీద, ఒక విభాగం మీద తీసుకున్న వ్యాపార నిర్ణయాలు. ఫ్యూయర్‌స్టైన్ ధర్మానికి న్యాయం చేయాలన్నా పద్దు చదవడం వచ్చి ఉండాలి. ఆ పద్దులో జీతాల వరుస ఎందుకు ఉందో అర్థం కావాలన్నా హీబ్రూ శాసనం గురించి తెలిసి ఉండాలి. ఒకే ప్రొఫెసర్, ఒకే గంటలో ఈ రెండూ చెప్పలేకపోతే ఇద్దరు కలిసి చెప్పాలి. చిన్న కళాశాలకు ఉన్న గొప్ప సౌకర్యం అదే. అర్థశాస్త్రం చెప్పేవారి గదీ, మత అధ్యయనం చెప్పేవారి గదీ ఒకే వసారాలో ఉంటాయి.

అరిస్టాటిల్ అభ్యంతరానికి కూడా ఇదే జవాబు. అనుభవం లేని పిల్లవాడికి నాయకుడెలా ఉండాలో ఉపన్యాసాలిస్తే ఫలితం ఉండదు. ఒకరి అనుభవాన్ని, దాని పద్దులతో సహా, చేతికిచ్చి తీర్పు చెప్పమంటే అతడు తీర్పు చెప్పడం నేర్చుకుంటాడు. నాయకత్వం నేర్పగలమా అన్నది తేలని ప్రశ్నే. ప్లేటో సంభాషణ చివర్లో సోక్రటీస్, ప్రొటాగరస్ ఒకరి వాదంలోకి ఒకరు మారిపోతారు తప్ప తేల్చరు. తీర్పు చెప్పడం మాత్రం సాధనతో వచ్చేదే.

ఇలాంటి చదువు ఇప్పుడు తెలుగు నేల మీదా ఉంది. 2018లో ఏర్పడిన క్రియా విశ్వవిద్యాలయం తిరుపతి జిల్లా శ్రీసిటీలో, పారిశ్రామిక వాడ నడుమ, లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ చదివిస్తోంది. అక్కడే ఒక బిజినెస్ స్కూలూ ఉంది. అదే శ్రీసిటీలో 2016లో మాండెలీజ్ కంపెనీ క్యాడ్‌బరీ చాక్లెట్ల ఫ్యాక్టరీ తెరిచింది. క్యాడ్‌బరీ కూడా క్వేకర్ కుటుంబమే. బర్మింగ్‌హామ్ శివార్లలోని బోర్న్‌విల్‌లో కార్మికులకు తోటలున్న ఇళ్లు కట్టించిన కుటుంబం. తాము కొంటున్న కోకోలో పెద్ద భాగం పోర్చుగీసు వారి సావో తోమే దీవిలో బానిసల చేత పండిస్తున్నదని విలియం క్యాడ్‌బరీకి 1901లో తెలిసింది. విచారణలు జరిపించారు, ప్రభుత్వాలతో మాట్లాడారు, ఆ కోకో కొంటూనే వచ్చారు. కొనడం ఆపింది 1909లో. ‘స్టాండర్డ్’ పత్రిక వాళ్లను కపటులని రాస్తే పరువు నష్టం దావా వేశారు. జ్యూరీ క్యాడ్‌బరీల పక్షానే తీర్పిచ్చింది, నష్టపరిహారం మాత్రం ఒక ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు, ఇచ్చి ఊరుకుంది. ఆ ఎనిమిదేళ్లలో ఏ ఏడాది కొనుగోలు ఆపి ఉండాల్సింది, ఆపితే బోర్న్‌విల్ కార్మికుల గతి ఏమయ్యేది, కొంటూ ఒత్తిడి తెస్తే బానిసలకు మేలా లేక కొనడం మానేస్తే మేలా అన్నవి శ్రీసిటీ క్లాసులో ఒక సెమిస్టరంతా నడపదగ్గ ప్రశ్నలు. కోకో ధరల పట్టికా, క్వేకర్ల విశ్వాసమూ రెండూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంటేనే అవి నడుస్తాయి.